దక్షిణాకాశం చూసి దిక్కు ఎలా కనుక్కోవాలి? అదే చుక్కలతో తోడల్లుడికి భూమి గుండ్రమని చూపించొచ్చా?

కడప కంగారూ (మెల్బోర్న్):

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా మరదలి పెళ్ళి ఇక్కడే మెల్బోర్న్‌లో చేశాం. తలంబ్రాలయ్యాక పంతులుగారు జంటను హాలు బయటికి తీసుకొచ్చి, కార్ల పార్కింగ్ మీదుగా వేలు చూపించి అరుంధతీ దర్శనం చేయించారు. పట్టపగలు కాబట్టి ఎవరికీ ఏమీ కనపడలేదు, అది ఎక్కడైనా అంతే అనుకోండి. కానీ పక్కనే ఉన్న మా నాన్న పట్టుకున్నాడు: "పగలు సరే, రాత్రి కూడా ఈడ ధ్రువుడు కనపళ్ళేదు కదరా! మరి ఉత్తరం యాడుందో దక్షిణం యాడుందో చుక్కల్ని చూసి ఎట్ల చెప్తారు ఈ ఊరోళ్ళు?" కడప నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయనకి ఇదే పని. రాత్రి అన్నం తిని పెరట్లో మెడ పైకెత్తుకుని నిలబడతాడు.

ఆ మాట మా పెద్ద తోడల్లుడి చెవిన పడింది. ఈయన ఈమధ్య భూమి బల్లపరుపుగా ఉందని చెప్పే వీడియోల్లో పడ్డారు. "ధ్రువుడు మనకి దూరమైపోయాడు బాబాయ్ గారూ, అంతే. రైలు పట్టాలు దూరం పోయేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనపడవా, ఇదీ అట్లాంటిదే" అన్నారు. శాటిలైట్ ఫొటో చూపిస్తే గ్రాఫిక్స్ అంటారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజుకో వీడియో పెడుతున్నారు. మా ఆవిడ, వాళ్ళక్క మాట్లాడుకోవడం తగ్గిపోయింది, అదో టెన్షన్.

జులై మొదటి వారంలో, పిల్లల సెలవుల్లో, రెండు కుటుంబాలం కలిసి లేక్ టిరెల్ అనే ఉప్పు సరస్సుకి వెళ్తున్నాం. చుట్టుపక్కల లైట్లు ఉండవని విన్నాను. కంపాస్ లేకుండా అక్కడ దక్షిణం ఎలా కనుక్కోవాలి? ఆ చుక్కలతోనే, ఫొటోలూ వీడియోలూ లేకుండా, భూమి ఆకారం గురించి మా అంతట మేం చేసి చూసుకునేది ఏదైనా ఉందా? టెలిస్కోప్ లేదు. అయిదో క్లాసు చదివే కొడుకు ఉన్నాడు, వాడి జామెట్రీ బాక్స్ ఉంది.

స్వాన్ తీరం (పెర్త్):

ఫోన్‌లో కంపాస్ ఉంది కద బ్రో. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. తోడల్లుడి సంగతికి మాత్రం యాప్ లేదు, గ్రూప్ మ్యూట్ చెయ్యడమే.

పాత సెకండ్ మేట్ (విశాఖపట్నం):

పెర్త్ బాబు ఊళ్ళో కంపాస్ దాదాపు సరిగ్గానే చూపిస్తుంది, అందుకని అలా అన్నారు. మెల్బోర్న్ వైపు అయస్కాంతపు ముల్లు అసలు ఉత్తరానికి 11-12 డిగ్రీలు తూర్పుకి తిరిగి ఉంటుంది. ఫోన్‌లో 'ట్రూ నార్త్' సెట్టింగ్ ఆన్ చేసుకోకపోతే ఆ తప్పంతా మీ నెత్తినే. మన దగ్గర ఈ తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు కాబట్టి మనవాళ్ళకి ఈ అలవాటు లేదు. చుక్కలు చూడ్డం తెలిసినవాడు ఒట్టి కంటితోనే ఇంతకన్నా మెరుగ్గా చెప్పగలడు.

నేను వైజాగ్ వాణ్ణి. మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం బల్క్ కేరియర్ల మీదే. క్వీన్స్‌లాండ్‌లో గ్లాడ్‌స్టోన్, హే పాయింట్ రేవుల్లో కోకింగ్ కోల్ ఎక్కించుకుని మన స్టీల్ ప్లాంట్ కోసం వైజాగ్ తెచ్చేవాళ్ళం. అందుకని మీ ఆకాశమూ తెలుసు, మా ఆకాశమూ తెలుసు.

ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న. అరుంధతి, వశిష్ఠుడు ఆకాశంలో ఉత్తరంగా 55 డిగ్రీల దగ్గర ఉంటారు, అంటే 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నవాళ్ళకి నెత్తి మీదుగా పోతారు. మెల్బోర్న్ 37.8 డిగ్రీల దక్షిణ అక్షాంశం. 90లోంచి 37.8 తీసేస్తే 52.2. అంతకన్నా ఉత్తరాన ఉన్న చుక్క ఏదీ మీ ఊళ్ళో ఏ రాత్రీ ఉదయించదు. అంచేత పంతులుగారు అర్ధరాత్రి చూపించినా అరుంధతి కనపడేది కాదు. సిడ్నీలో అయితే నేలకి ఆనుకుని ఒక డిగ్రీ ఎత్తు వస్తుంది, అంటే లేనట్టే. బ్రిస్బేన్ పంతుళ్ళు నయం, ఏడు డిగ్రీలు వస్తుంది.

ఇదే లెక్క తిరగేయండి. 52.2 కన్నా దక్షిణాన ఉన్న చుక్క మెల్బోర్న్‌లో ఎప్పుడూ అస్తమించదు. మనం త్రిశంకు నక్షత్రం అనే సదరన్ క్రాస్ మొత్తం ఆ లెక్కలోకే వస్తుంది. మీ జెండా మీద ఉన్నదదే. అక్కడ ఏ నెలలో అయినా, రాత్రి ఏ వేళకైనా అది ఆకాశంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ధ్రువుడు చేసే పనికి మీకు దొరికేది ఇదే. కాకపోతే ఇది ఒకచోట కదలకుండా ఉండదు, తిరుగుతూ ఉంటుంది.

జులై మొదటి వారంలో రాత్రి ఎనిమిదింటికి దక్షిణం వైపు అనుకున్న దిక్కుకి తిరిగి, తల బాగా పైకెత్తండి. ఆకాశంలో మూడింట రెండు వంతుల ఎత్తున రెండు మంచి చుక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ. వీటినే పాయింటర్లు అంటారు. వాటికి కుడి పక్కన, కాస్త కుడికి వాలి, గాలిపటంలా క్రాస్ ఉంటుంది. దాని పొడుగు కర్రకి తలమీద చుక్క ఎర్రగా ఉంటుంది, గాక్రక్స్. పాదం దగ్గర తెల్లటి చుక్క అక్రక్స్. ఈ రెంటి మధ్య దూరం ఆరు డిగ్రీలు. తల నుంచి పాదం వైపు గీత గీసి, పాదం దాటాక అదే దూరాన్ని నాలుగున్నర సార్లు పొడిగించండి. అక్కడ ఏమీ ఉండదు, ఒట్టి చీకటి. అదే దక్షిణ ధ్రువ బిందువు, అక్కడి చుక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. సిగ్మా ఆక్టాంటిస్ అని దానికి ఒక డిగ్రీ దూరంలో ఓ చుక్క ఉంది గానీ కాంతి మరీ తక్కువ, ఊళ్ళోంచి కనపడదు.

నాలుగున్నర సార్లు అంటే కళ్ళతో కొలవడం కష్టమనిపిస్తే చెయ్యి చాచి పిడికిలి బిగించండి. ఒక పిడికిలి పది డిగ్రీలు. అక్రక్స్ నుంచి మూడు పిడికిళ్ళకి కాస్త తక్కువ. సరిచూసుకోవడానికి పాయింటర్లు రెంటినీ కలిపే గీతకి సరిగ్గా మధ్యలోంచి నిలువుగా ఇంకో గీత ఊహించుకోండి. అది క్రాస్ గీతని దాదాపు అదే చోట కలుస్తుంది. ఆ బిందువు నుంచి నిట్టనిలువుగా నేలకి దిగితే అదే మీ దక్షిణం. అక్కడ ఏ చెట్టో స్తంభమో ఉంటే గుర్తు పెట్టుకోండి. మర్నాడు 12 గంటల 25 నిమిషాలకి కర్ర పాతి నీడ చూడండి, ఆ సమయానికి మెల్బోర్న్‌లో సూర్యుడు నడినెత్తి గీత దాటుతాడు. మీకు సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు కాబట్టి నీడ సరిగ్గా దక్షిణానికి పడుతుంది. లేక్ టిరెల్ మెల్బోర్న్‌కి కొద్దిగా పడమర కాబట్టి అక్కడ ఇంకో ఎనిమిది నిమిషాలు కలుపుకోండి.

భూమి ఆకారం గురించి రేపు రాస్తాను. అది తొందరగా చెప్పేది కాదు.

కడప కంగారూ (మెల్బోర్న్):

కెప్టెన్ గారూ, చాలా థాంక్స్. నిన్న మబ్బు లేకపోతే నాన్న, నేను పెరట్లోకి వెళ్ళి చూశాం. ఒక్కటి కాదు, రెండు శిలువలు కనపడ్డాయి. ఒకటి మీరు చెప్పిన చోటే, ఇంకొకటి కిందగా పడమటి వైపు, దానికన్నా పెద్దది. ఏది అసలుది?

అన్నట్టు, మీరు రాసింది గ్రూపులో పెట్టాను. తోడల్లుడు గారి జవాబు: "దీంట్లో గుండ్రం ఎక్కడుంది? దీపం కిందికి వెళ్తే పైన కనపడుతుంది, దూరం వెళ్తే కిందికి కనపడుతుంది. బల్లపరుపు మీదైనా అంతేగా."

పాత సెకండ్ మేట్ (విశాఖపట్నం):

పడమటి వైపుది ఫాల్స్ క్రాస్. పేరే అది. ట్రైనీలు వచ్చిన కొత్తలో దీన్నే చూపిస్తారు. అసలుది చిన్నగా, కాంతిగా ఉంటుంది, పక్కన పాయింటర్లు ఉంటాయి. ఫాల్స్ క్రాస్‌కి పాయింటర్లు లేవు. ముందు పాయింటర్లని పట్టుకుని, అక్కణ్ణించి క్రాస్‌కి వెళ్ళడం అలవాటు చేసుకోండి, గొడవ ఉండదు.

నన్ను కెప్టెన్ అనకండి, అంతవరకూ వెళ్ళలేదు.

మీ తోడల్లుడు గారి మాట కొట్టిపారేసేది కాదండి. నిజంగా తెలివైన అభ్యంతరం. రెండు ఊళ్ళలో ఒక చుక్క ఎత్తు వేరేగా ఉన్నంత మాత్రాన భూమి గుండ్రమని తేలదు. బల్లపరుపు నేల, దగ్గరగా ఉన్న చుక్క అనుకున్నా ఎత్తులు మారతాయి. తేలేది మూడో ఊళ్ళో కొలిచినప్పుడు.

ఆయన లెక్కే తీసుకుందాం. భూమి ఒక పళ్ళెం, ఉత్తర ధ్రువం మధ్యలో, దాని పైన ధ్రువ నక్షత్రం వేలాడుతోంది. అమెరికాలో మినియాపోలిస్ సరిగ్గా 45 డిగ్రీల మీద ఉంది, మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఎవర్నైనా అడగండి. అక్కడ ధ్రువుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఉత్తర ధ్రువం అక్కడికి 5,000 కిలోమీటర్లు. 45 డిగ్రీలంటే ఎత్తూ దూరమూ సమానం కాబట్టి పళ్ళెం లెక్కలో ధ్రువుడు 5,000 కిలోమీటర్ల ఎత్తున ఉండాలి. మంచిది. ఇప్పుడు వైజాగ్. ఉత్తర ధ్రువం నుంచి దాదాపు 8,000 కిలోమీటర్లు. 5,000 ఎత్తున్న దీపం అంత దూరం నుంచి 32 డిగ్రీల ఎత్తున కనపడాలి. మా ఇంటి డాబా మీద నుంచి అది 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర పళ్ళెం లెక్క 26 చెప్తుంది, అక్కడ నిజానికి ఉండేది సున్నా. మెల్బోర్న్‌లో 19 చెప్తుంది. అంటే ఆయన లెక్క ప్రకారమే మీ పెరట్లోంచి ధ్రువుడు రెండు పిడికిళ్ళ ఎత్తున నిక్షేపంలా కనపడాలి! దూరమైపోయాడు కాబట్టి కనపడడు అనే మాట ఆ పళ్ళెం మీదే కుదరదు.

ఇది కాగితం లెక్క. మేం ఓడ మీద చూసేది ఇంకోటుంది. చుక్క ఎత్తు సెక్స్టెంట్‌తో కొలవాలంటే చుక్కా కనపడాలి, సముద్రపు గీతా కనపడాలి. ఆ రెండూ కలిసి ఉండేది సాయంత్రం కాసేపు, తెల్లవారుజామున కాసేపు. బ్రిడ్జి వింగ్ మీద, అంటే ఓడ నడిపే గది పక్కనుండే బయటి వసారాలో నిలబడి, అద్దంలో చుక్కని కిందికి దించి, మణికట్టుని అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ గీతకి అంటీ అంటనట్టు ఆనించాలి. మనం 'మార్క్' అనగానే పక్కన ఒకడు టైము రాస్తాడు. ఓడవాళ్ళు వాడే చుక్కల పంచాంగం నాటికల్ ఆల్మనాక్‌లో ఇందుకోసం ఎంచిపెట్టిన చుక్కలు 57. అక్రక్స్, గాక్రక్స్, కనోపస్, అకర్నార్, మీ పాయింటర్లు రెండూ అందులో ఉన్నాయి. జీపీఎస్ వచ్చాక కూడా దీన్ని మాననివ్వని పెద్దలు ఉండేవారు, వాళ్ళకి దణ్ణం.

గ్లాడ్‌స్టోన్ నుంచి ఇంటికొస్తుంటే ఉత్తరంగా నడిచిన రోజుల్లో పదమూడు నాట్ల వేగానికి, అంటే గంటకి పదమూడు నాటికల్ మైళ్ళ చొప్పున, రోజుకి 312 నాటికల్ మైళ్ళు. క్రాస్ రోజుకి అయిదు డిగ్రీల పైచిలుకు కిందికి దిగుతుంది. 60 మైళ్ళకి ఒక డిగ్రీ. రేవు నుంచి బయల్దేరినప్పుడూ అంతే, జావా సముద్రంలోనూ అంతే, బంగాళాఖాతంలోకి వచ్చాకా అంతే. పళ్ళెం మీద దీపం అయితే దగ్గరున్నప్పుడు గబగబా, దూరం పోయేకొద్దీ మెల్లగా దిగాలి. ఎక్కడా అలా జరగదు. అసలు మా మైలు పుట్టిందే దీంట్లోంచి: అక్షాంశంలో ఒక నిమిషం ఒక మైలు, ఇప్పటి లెక్కలో 1,852 మీటర్లు. అది ఒక్కో సముద్రంలో ఒక్కోలా ఉంటే ఓడలు ఏనాడో రాళ్ళకి కొట్టుకునేవి.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం. మీరు వెళ్ళే రోజుల్లోనే, జోహన్నెస్‌బర్గ్‌లో సాయంత్రం ఏడు గంటలప్పుడు పెర్త్‌లో రాత్రి ఒంటిగంట. రెండుచోట్లా చీకటే. జోహన్నెస్‌బర్గ్ మనిషి దక్షిణానికి తిరిగితే క్రాస్ ఎదురుగా నిలువుగా నిలబడి ఉంటుంది. అదే క్షణంలో పెర్త్ మనిషి దక్షిణానికి తిరిగితే అది కుడి పక్కకి అడ్డంగా పడుకుని ఉంటుంది. రెంటి గీతా నాలుగున్నర సార్లు పొడిగిస్తే చేరేది ఒకటే బిందువు. మరి పళ్ళెం మ్యాపు మీద దక్షిణం అంటే అంచు వైపు కదా. జోహన్నెస్‌బర్గ్ నుంచి అంచుకి ఒక గీత, పెర్త్ నుంచి ఒక గీత గీయమనండి. రెంటికీ మధ్య దాదాపు 90 డిగ్రీలు తేడా వస్తుంది. ఒకళ్ళు ఒకవైపు, ఇంకొకళ్ళు ఇంకోవైపు చూస్తూ అదే క్రాస్‌ని ఎలా చూస్తున్నారు? పెర్త్ బాబూ, ఒంటిగంటకి మేలుకుని ఉంటే మీరే సాక్షి.

స్వాన్ తీరం (పెర్త్):

మా పిల్ల వల్ల ఒంటిగంటకి రోజూ మేలుకునే ఉంటున్నాను సార్. చూసి చెప్తా.

గుత్తి కోట (అనంతపురం జిల్లా):

ఆలస్యంగా చూశాను. కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, క్షమించండి.

త్రిశంకు చూడాలంటే ఆస్ట్రేలియా దాకా పోనక్కరలేదని మన పిల్లలకి తెలీదు. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదికి గుత్తి కొండ మీద నుంచి దక్షిణానికి చూస్తే క్రాస్ నిలువుగా నిలబడి ఉంటుంది, పాదం దగ్గర చుక్క క్షితిజానికి 12 డిగ్రీల పైన. ఢిల్లీలో ఆ పాదం చుక్క అసలు ఉదయించదు. ఒకే దేశంలో ఒక చుక్క ఒకచోట ఉండడం, ఇంకోచోట లేకపోవడం, అది చాలదా ఆలోచించడానికి? అరిస్టాటిల్ చెప్పిన రుజువుల్లో ఇదొకటి: ఈజిప్టు, సైప్రస్‌లలో కనపడే చుక్కలు కొన్ని ఇంకా ఉత్తరానికి పోతే కనపడవన్నాడు. తర్వాత పోసిడోనియస్ అనే గ్రీకు పండితుడు మన అగస్త్య నక్షత్రాన్నే, అంటే కనోపస్‌నే పట్టుకున్నాడు. రోడ్స్ ద్వీపంలో అది క్షితిజాన్ని తాకి పోతుంది, అలెగ్జాండ్రియాలో వృత్తంలో 48వ వంతు ఎత్తు వస్తుంది, కాబట్టి భూమి చుట్టుకొలత ఆ రెండూళ్ళ మధ్య దూరానికి 48 రెట్లు అని లెక్క వేశాడు. సెకండ్ మేట్ గారు అన్నట్టు రెండు ఊళ్ళే కాబట్టి అది గుండ్రమని ముందే ఒప్పుకుని వేసిన లెక్క, రుజువు కాదు.

కంగారూ గారి నాన్నగారికి ఒక మాట చెప్పండి. సూర్యసిద్ధాంతం భూగోళాధ్యాయంలో ధ్రువ తారలు రెండు అని ఉంది, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. భూమధ్యరేఖ మీద ఉన్నవాళ్ళకి రెండూ క్షితిజం మీదే ఉంటాయని కూడా ఉంది. దక్షిణాన నిజంగా చెప్పుకోదగ్గ చుక్క లేదు, అది వేరే సంగతి. చూసి రాసింది కాదు అది, గోళం అనుకుని లెక్కతో చేరింది. నాకు అందులోనే గొప్ప కనపడుతుంది.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. గుండ్రమని ఒప్పుకున్నాక గొడవ అయిపోలేదు, ఎంత గుండ్రం అన్నది మిగిలింది. లకై అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1751లో కేప్ టౌన్ వెళ్ళి దాదాపు పదివేల దక్షిణ నక్షత్రాల స్థానాలు కొలిచాడు. దక్షిణ ధ్రువ బిందువు ఉన్న ఆక్టన్స్ రాశికి పేరు పెట్టింది ఆయనే. పనిలో పనిగా అక్కడ ఒక డిగ్రీ అక్షాంశానికి నేల మీద ఎంత దూరమో కొలిచాడు. ఉండాల్సినదానికన్నా ఎక్కువొచ్చింది. దక్షిణార్ధగోళం ఉత్తరానికన్నా చదునుగా ఉందా, భూమి కోడిగుడ్డులా ఉందా అని డెబ్భై ఏళ్ళు యూరప్‌లో తలలు పట్టుకున్నారు.

ఆ ముడి విప్పడం మొదలుపెట్టిన మనిషి మన అడవుల్లోంచి వెళ్ళాడు. 1802లో మద్రాసులో లాంబ్టన్ అనే ఆంగ్లేయ అధికారి మొదలుపెట్టిన, నేలని కొలిచే పెద్ద సర్వే మా గుత్తి మీదుగానే ఉత్తరానికి పోయింది. ఆయన అసిస్టెంటు జార్జ్ ఎవరెస్ట్, ఆ శిఖరం పేరు గల ఆయనే, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ మలేరియాతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి 1820లో ఆ కేప్ టౌన్ ప్రాంతానికే పంపారు. ఊరుకోలేక అక్కడ లకై కొలిచిన చోట్లన్నీ తిరిగి చూశాడు. తప్పు చుక్కల్లో లేదు, లంబంలో ఉందన్నాడు. దారానికి కట్టిన గుండు నిట్టనిలువుగా వేలాడుతుందనుకుంటాం, కానీ పక్కనున్న కొండ దాన్ని రవ్వంత తనవైపు లాగుతుంది. లకై కొలత రెండు కొసల్లోనూ కొండలున్నాయి. తర్వాత మాక్లియర్ అనే ఆయన 1840లలో ఆ కొలతంతా మళ్ళీ చేస్తే ఎవరెస్ట్ అన్నదే నిజమైంది. దక్షిణానికి వేరే వంపు లేదు. భూమధ్యరేఖ దగ్గర డిగ్రీకి 110.6, ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లు, అటూ ఇటూ ఒకేలాగ.

మీ అబ్బాయి చేతిలో దారం, గుండు ఉంటాయి కాబట్టి చెప్పాను. లేక్ టిరెల్ దగ్గర కొండలు లేవు, భయం లేదు.

బెండిగో అక్క (విక్టోరియా):

లేక్ టిరెల్ మాకు దగ్గరే, వెళ్తుంటాం. తోడల్లుడు గారితో వాదించే ముందు ఒక్క అయిదు నిమిషాలు ఊరికే చూడండి. ఆ నేల బూరాంగ్ అనే ఆదివాసులది. వాళ్ళు చుక్కలకి పెట్టుకున్న పేర్లని స్టాన్‌బ్రిడ్జ్ అనే తెల్లాయన 1857లో రాసిపెట్టాడు. క్రాస్ పక్కన నల్లగా ఉండే మచ్చతో మొదలయ్యే చీకటి వాళ్ళకి చింగల్ అనే ఈమూ పక్షి. క్రాస్ తల దగ్గర చుక్క దానికి భయపడి చెట్టెక్కిన బున్యా అనే పోసమ్, అంటే చెట్ల మీద తిరిగే చిన్న జంతువు. పాయింటర్లు రెండూ ఆ ఈమూని చంపిన అన్నదమ్ములు. పిల్లలకి ఇలా చెప్తే క్రాస్ ఇక మర్చిపోరు.

నేల సంగతి కూడా వినండి. ఉప్పు పైన గట్టిగా కనపడుతుంది, కింద బురద. కారు దింపొద్దు. రబ్బరు బూట్లు తీసుకెళ్ళండి. జులైలో అక్కడ తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి, మీ నాన్నగారికి మంకీ క్యాప్ తప్పనిసరి.

కడప కంగారూ (మెల్బోర్న్):

అక్కా, మంకీ క్యాప్ ఆయన కడప నుంచే తెచ్చుకున్నాడు.

జాగ్రఫీ మాస్టారి పోస్టు ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. "ఎవరెస్ట్‌కి మన అడవిలో జరమొచ్చిందా!" అని నాన్న అందరికీ ఫోన్ చేసి చెప్తున్నాడు. తోడల్లుడు గారు మాత్రం "జోహన్నెస్‌బర్గ్, మినియాపోలిస్ వేరేవాళ్ళు చూసి చెప్పేవి, మనం చేసి చూసేదేంటి?" అంటున్నారు. మొదట్లో నేనడిగింది కూడా అదే. సెకండ్ మేట్ గారూ, కోణమానినితో ఏం చెయ్యాలో చెప్పండి. ధ్రువ బిందువు దగ్గర చుక్కే లేనప్పుడు ఎత్తు దేనికి కొలవాలి?

పాత సెకండ్ మేట్ (విశాఖపట్నం):

మీ అదృష్టం, సరైన వారంలో వెళ్తున్నారు. ఖాళీగా ఉన్న బిందువుని కొలవక్కర్లేదు. అక్రక్స్ దాని చుట్టూ తిరుగుతోంది కాబట్టి అది అన్నిటికన్నా పైన ఉన్నప్పుడు ఒకసారి, అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు ఒకసారి కొలిచి రెంటినీ కలిపి సగం చేస్తే వచ్చేది ధ్రువ బిందువు ఎత్తు. జులై మొదటి వారంలో లేక్ టిరెల్‌లో అక్రక్స్ సాయంత్రం ఆరింటికి పైన, మర్నాడు పొద్దున్న ఆరింటికి కింద ఉంటుంది. రెండుసార్లూ చీకటి చాలు. సంవత్సరంలో అన్ని నెలల్లో ఇలా ఒకే రాత్రిలో రెండూ దొరకవు.

కోణమానిని తిరగేసి పట్టుకోండి, చదును అంచు పైకి. ఆ అంచుకి ఒక స్ట్రా టేపుతో అంటించండి. మధ్య చిల్లుకి దారం కట్టి కొసకి ఏ నట్టో వేలాడదీయండి. స్ట్రాలోంచి చుక్కని పట్టుకున్నాక దారాన్ని వేలితో కోణమానినికి అదిమి, దించి, టార్చ్ వెలుగులో చదవండి. దారం 90 గీత నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే చుక్క ఎత్తు. గాలికి నట్టు ఊగుతుంది, కారు చాటున నిలబడండి. అయిదారుసార్లు చదివి, మరీ తేడాగా వచ్చినవి వదిలేసి, మధ్యస్థంగా ఉన్నది రాసుకోండి. జాగ్రత్తగా చేస్తే ఒక డిగ్రీ అటూ ఇటూగా వస్తుంది. స్ట్రాలోంచి తోడల్లుడు గారినే చూడమనండి, చదివేది అబ్బాయి.

లేక్ టిరెల్‌లో పైన 62, కింద 8 దగ్గర రావాలి. సగం చేస్తే 35. మెల్బోర్న్‌కి తిరిగొచ్చాక పెరట్లో అదే వారంలో కొలిస్తే 65, 11, సగం 38. కింద ఉన్నప్పుడు పక్కింటి కప్పు అడ్డొస్తుందేమో ముందే చూసుకోండి. తేడా రెండున్నర, మూడు డిగ్రీలు. డిగ్రీకి 111 చొప్పున మ్యాపు మీద ఉత్తర దక్షిణ దూరం కొలిచి చూసుకోండి, 270 కిలోమీటర్లకి దగ్గరగా ఉంటుంది. రోడ్డు దూరం తీసుకోకండి, ఆ రోడ్డు పడమరకి కూడా పోతుంది.

మూడో ఊరు కావాలన్నాను కదా. మీ నాన్నగారు కడపకి వెళ్ళాక ఆ కోణమానినితోనే డాబా ఎక్కి ధ్రువుణ్ణి కొలవమనండి. 14 నుంచి 15 మధ్య వస్తుంది. ధ్రువుడు కూడా అసలు బిందువుకి అర డిగ్రీ పైన పక్కకి ఉంటాడు, అబ్బాయి కోణమానినికి అది తెలియదు లెండి. అక్కడ ఉత్తరానికి 14.5, మీ దగ్గర దక్షిణానికి 38, రెండూ కలిపితే 52 పైన. దాన్ని 111తో హెచ్చించి, కడప, మెల్బోర్న్ అక్షాంశాల మధ్య దూరంతో పోల్చమనండి. ఆ లెక్క మాత్రం తోడల్లుడు గారి చేతే వేయించండి, మీరు పెన్ను ముట్టుకోకండి.

స్వాన్ తీరం (పెర్త్):

రాత్రి ఒంటిగంటా పది. క్రాస్ కుడి పక్కకి అడ్డంగా పడుకునే ఉంది సార్. గాక్రక్స్ బయటికి, అక్రక్స్ లోపలికి. జోహన్నెస్‌బర్గ్‌లో మనవాళ్ళెవరైనా ఉంటే సాయంత్రం ఏడింటికి చూసి ఇక్కడ రాయండి.

పాత సెకండ్ మేట్ (విశాఖపట్నం):

రాసేవాళ్ళు ఊరి పేరు, టైము, క్రాస్ తల ఎటు ఉందో మూడూ రాయండి. టైము లేకపోతే ఆ చూపు దేనికీ పనికిరాదు.

కడప కంగారూ (మెల్బోర్న్):

స్ట్రా అంటించేశాం. నట్టు మాత్రం తోడల్లుడు గారే తన టూల్ బాక్స్‌లోంచి తెచ్చిచ్చారు.